మందు ఉచితమే, మందు దాకా రావడమే ఖరీదు

(విశాఖపట్నం పౌర గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నేను వైద్యురాలిని కాను. క్యాన్సరు వచ్చిన పిల్లల కుటుంబాలతో మాట్లాడడం, వాళ్ళ కాగితాలు సరిచూడడం, చెప్పిన తేదీకి వాళ్ళు మళ్ళీ ఆసుపత్రికి వచ్చేలా చూడడం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా ఈ నగరంలో ఈ పనే చేస్తున్నాను. కాబట్టి వైద్యం గురించి అవసరమైనంత వరకే చెప్పి, ఆ వైద్యం చుట్టూ ఇళ్ళలో, బస్సుల్లో, ఆసుపత్రి వరండాల్లో జరిగేదాని గురించి వివరంగా చెప్పడానికి మీ అనుమతి కోరుతున్నాను.

పలాస దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చే తల్లి ఒకసారి తన సంచిలోంచి కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండరు తీసి నా బల్ల మీద పరిచింది. ఆమెకు చదువు రాదు. జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళుతుంది. ఆరేళ్ళ కొడుక్కి రక్త క్యాన్సరు. ఆ క్యాలెండరులో ప్రతి తేదీ గడిలోనూ పెన్నుతో గీసిన అర చంద్రుడు ఉన్నాడు. ప్రతి శుక్రవారం గడిలో ఆ చంద్రుడి పక్కన ఐదు చుక్కలు ఉన్నాయి. అర చంద్రుడంటే రోజూ రాత్రి వేయవలసిన మెర్‌కాప్టోప్యూరిన్ సగం మాత్ర. ఐదు చుక్కలంటే వారానికి ఒక్కసారి మాత్రమే వేయవలసిన మెథోట్రెక్సేట్ మాత్రలు ఐదు. మాత్ర వేశాక గుర్తు మీద అడ్డంగా గీత కొట్టేది. రక్తకణాలు బాగా తగ్గాయని డాక్టరు మందు ఆపమన్న రోజులకు సున్నా చుట్టింది. స్టీలు పళ్ళెం బోర్లించి, మేమిచ్చిన గ్లౌజులు తొడుక్కుని, ఇంట్లో మరి దేనికీ వాడని బ్లేడుతో మాత్రను నడిమి గీత వెంబడి కోసి, మిగిలిన సగాన్ని మర్నాటి కోసం కాగితంలో మడిచి పెట్టేదాన్నని చెప్పింది. వారానికొకసారి వేయవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేస్తే పిల్లవాడి ప్రాణానికే ముప్పు. ఆ సంగతి ఒక్కసారి చెబితే విని, తనకు తెలిసిన గుర్తుల్లోకి మార్చుకుని, ఏడాదంతా ఒక్క గడి కూడా తప్పకుండా నడిపించిన మనిషి ఆమె.

ఇంత జాగ్రత్త గల తల్లి కూడా ఒకసారి పది రోజులు ఆలస్యంగా వచ్చింది. కారణం అడిగితే తలవంచుకుని, "చార్జీలకి లేవమ్మా" అంది. నేను ఈరోజు చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. మన దగ్గర పిల్లల క్యాన్సరు చికిత్స చెడిపోయేది చాలాసార్లు వార్డులో కాదు. ఒక తేదీకీ మరో తేదీకీ మధ్య ఉన్న దారిలో.

పిల్లల క్యాన్సరు పెద్దల క్యాన్సరు లాంటిది కాదు. పొగాకు, మద్యం, తిండి అలవాట్లు ఇక్కడ కారణాలు కావు. ఎక్కువ మంది పిల్లల్లో ఫలానా కారణమని చూపించగలిగేది ఏదీ లేదు. పుట్టుకతో వచ్చే జన్యుదోషం కనిపించేది పదిమందిలో ఏ ఒక్కరిలోనో. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలకు, 19 ఏళ్ళలోపు వారికి క్యాన్సరు వస్తోంది. సంపన్న దేశాల్లో వారిలో 80 శాతానికి పైగా నయమై బతుకుతుంటే, చాలా పేద, మధ్యతరహా దేశాల్లో 30 శాతం కూడా బతకడం లేదు. ఈ తేడా తగ్గించాలని, 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది పిల్లలైనా బతకాలని ఆ సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. వ్యాధి ఆలస్యంగా బయటపడడం, మందులు అందకపోవడం, వైద్యం మధ్యలో మానేయడం ఈ తేడాకు కారణాలని అందరూ ఒప్పుకున్నదే. వీటిలో చివరిదాన్ని నేను రోజూ కళ్ళారా చూస్తున్నాను.

మానేయడం అనే మాట వినగానే తల్లిదండ్రుల నిర్లక్ష్యం మనసులో మెదులుతుంది. దయచేసి ఆ ఆలోచనను కాసేపు పక్కన పెట్టండి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సరుకు చికిత్స రెండున్నర ఏళ్ళ నుంచి మూడేళ్ళు పడుతుంది. మొదటి నెల గండం లాంటిది; ఆ నెలాఖరుకు చాలామంది పిల్లల్లో సూక్ష్మదర్శినికి కూడా క్యాన్సరు కణాలు కనిపించవు. ఆ తరువాత కొన్ని నెలలు గట్టి మందులు, వెన్నులోకి ఇంజెక్షన్లు ఉంటాయి. చివరికి దాదాపు రెండేళ్ళు ఇంట్లోనే మాత్రలు వేసుకుంటూ, క్రమం తప్పకుండా రక్తపరీక్షకు రావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. నాలుగో నెలకు జుట్టు మళ్ళీ మొలకెత్తుతున్న పిల్ల, ఐదో నెలకు వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతున్న పిల్ల, రోగిలా కనిపించదు. అప్పటికి ఇంట్లో మాత్రం రోగం మిగిల్చిన అప్పు కనిపిస్తూ ఉంటుంది.

ఎనిమిదో నెలలో రావడం మానేసిన ఒక అమ్మాయి నాకు గుర్తుంది. చెప్పిన తేదీ దాటిన వారానికి ఫోన్ చేశాం. ఆ నంబరు పనిచేయలేదు. మా రిజిస్టరులో ఒక్క నంబరే రాసుకున్నాం. అది తండ్రి సెల్‌ఫోను, అతడు పనికోసం వేరే రాష్ట్రానికి వలస వెళ్ళి సిమ్ మార్చాడు. ఊరి పేరు ఉంది కానీ అదే పేరుతో ఆ మండలంలో రెండు ఊళ్ళున్నాయి. మేము వాళ్ళ ఇంటికి చేరేసరికి నాలుగు నెలలు గడిచాయి. తండ్రి అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "బాగానే ఆడుకుంటంది గదమ్మా, మళ్ళీ ఆ సూదులెందుకు" అన్నాడు. అమ్మాయి నిజంగానే ఆడుకుంటోంది. ఇంకో మూడు నెలలకు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు, కానీ జబ్బు తిరగబెట్టాక వచ్చారు. తిరగబెట్టిన లుకేమియాకు వైద్యం మొదటిసారి కంటే కఠినం, ఖర్చు ఎక్కువ, ఆశ తక్కువ. ఆ అమ్మాయి దక్కలేదు. ఆ నష్టంలో మా పాలు ఉంది. అప్పటి నుంచి మొదటి రోజునే నాలుగు నంబర్లు రాసుకుంటున్నాం: తండ్రిది, మేనమామదో బాబాయిదో, ఊళ్ళో ఆశా కార్యకర్తది, వీధి చివర కిరాణా కొట్టుది. నాలుగోదే చాలాసార్లు పనికొచ్చింది.

ఇప్పుడు డబ్బు సంగతికి వస్తాను. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం వల్ల తెల్లకార్డు ఉన్న కుటుంబాలకు క్యాన్సరు చికిత్స అందుతోంది. ఆ పథకం తొలి విడత మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఇది చిన్న విషయం కాదు. అంతకు ముందు పొలం అమ్మి వైద్యం చేయించుకున్నవారిని ఈ సభలోనే కొందరు చూసి ఉంటారు. మన విశాఖలోనే అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటరు నడిపే హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉంది. ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉండనే ఉంది. ముంబయికో వెల్లూరుకో రైలెక్కక తప్పని రోజులు చాలావరకు పోయాయి. అయినా కుటుంబాలు ఎందుకు చితికిపోతున్నాయి? పథకం మందుకు డబ్బిస్తుంది, పడకకు ఇస్తుంది, ఆపరేషనుకు ఇస్తుంది. పలాస నుంచి రైల్వేస్టేషను దాకా, అక్కడి నుంచి అగనంపూడి దాకా అయ్యే చార్జీల సంగతి వేరు. రక్తకణాలు తక్కువగా ఉన్న పిల్లవాణ్ణి కిక్కిరిసిన బస్సులో ఎక్కించవద్దని మేమే చెబుతాం, అంటే ఆటో మాట్లాడుకోవాలి. వెంట వచ్చిన తండ్రికి ఆ రోజు కూలి పోతుంది. ఊళ్ళో అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన చంటిదానికి పాలు కొనాలి. రిపోర్టు రేపు వస్తుందంటే రాత్రికి ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి. ఒక్కో ఖర్చు చిన్నదే. మూడేళ్ళపాటు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టినప్పుడు అది పుస్తెలతాడు దాకా వస్తుంది.

ఉన్న సదుపాయాలు కూడా తెలియక పోగొట్టుకునేవారు చాలామంది. చికిత్సకు వెళ్ళే క్యాన్సరు రోగికి రైల్వేలో స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో టిక్కెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవారికి ఆ తరగతుల్లో 75 శాతం రాయితీ ఉంది. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. ఆసుపత్రి నుంచి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం తీసుకుంటే చాలు. అలాగే ఆసుపత్రి ముఖద్వారం దగ్గర పథకం తరఫున కూర్చునే సహాయకులను తొలిరోజే కలవాలని చాలామందికి తెలియదు. కార్డులో పిల్లవాడి పేరు ఎక్కించలేదన్న సంగతి అప్పుడే బయటపడుతుంది. తల్లిదండ్రుల పేర్లుంటాయి, పెద్దపిల్ల పేరుంటుంది, మూడేళ్ళ కిందట పుట్టినవాడి పేరు ఉండదు. ఆ పేరు ఎక్కించడానికి గ్రామ సచివాలయానికి వెళ్ళి రావడంలో పోయే రోజులు వైద్యం మొదలు కావలసిన రోజులు. మీ ఇంట్లో పనిచేసేవారి, మీ అపార్టుమెంటు కాపలాదారు కుటుంబం కార్డులో పిల్లలందరి పేర్లూ ఉన్నాయో లేదో ఈ వారమే అడగండి. కోరాపుట్, రాయగడ వైపు నుంచి వచ్చే ఒడిశా కుటుంబాలకు మన రాష్ట్ర పథకం వర్తించదు కనుక వారి కాగితాల దారి వేరు. వారికి మొదటి వారంలో పక్కన నిలబడే మనిషి మరీ అవసరం.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. పలాస తల్లి క్యాలెండరులో ఐదు చుక్కలుగా ఉన్న ఆ మెథోట్రెక్సేట్ పుట్టుక వెనుక మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహిస్తూ, ఫోలిక్ ఆమ్లం అనే విటమిను మీద పనిచేసి, దానికి విరుద్ధంగా పనిచేసే మందులను తయారు చేయించారు. అందులో అమైనోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. అంతవరకు ఆ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవారు. అదే కోవలో సుబ్బారావు గారి బృందం నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ప్రధానమైన మందు. ఆ 1948 ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. ఇంకో మందు, విన్‌క్రిస్టిన్, మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. ఈ మాట వినగానే ఆ ఆకు పసరు తాగించేవాళ్ళు ఉన్నారు కనుక గట్టిగా చెబుతున్నాను: ఆ మొక్క విషపూరితం, దాని పసరు మందు కాదు, లవలేశమంత పదార్థాన్ని వేరుచేసి, తూచి, నరంలోకి ఎక్కిస్తేనే అది మందు. భీమవరం నుంచి బయలుదేరిన ఒక మేధస్సు అమెరికా దాకా వెళ్ళి చేసిన మాత్ర తిరిగి మన జిల్లాకు చేరింది. అది పలాస పక్క పల్లెలోని పిల్లవాడికి అందకుండా ఆటో చార్జీ అడ్డుపడడం నేను ఓర్చుకోలేని విషయం.

తొందరగా గుర్తించడం గురించి కొంత. మన్యంలో మలేరియా ఉంది, మైదానంలో టైఫాయిడ్ ఉంది. కాబట్టి పిల్లవాడికి జ్వరం వస్తే ఊళ్ళోని ఆర్‌ఎంపీ ఆ రెంటికే మందులిస్తాడు. అది అతడి తప్పని అనను. కానీ రెండు వారాలకు మించి జ్వరం తగ్గకపోయినా, పిల్లవాడు పాలిపోయినా, దెబ్బ తగలకుండానే ఒంటిమీద నల్లటి మచ్చలు వచ్చినా, ఎముకల నొప్పితో కుంటినా, మెడలోనో కడుపులోనో గడ్డ తగిలినా, పొద్దున్నే తలనొప్పితో వాంతులవుతున్నా కనీసం రక్తపరీక్ష చేయించకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వకూడదు. స్టెరాయిడ్ లుకేమియాను కొన్నాళ్ళు కప్పిపెడుతుంది. తరువాత రోగనిర్ధారణ కష్టమవుతుంది, వైద్యం చిక్కుపడుతుంది. చంటిపిల్లల కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే మనవాళ్ళు పిల్లికన్ను అని ముద్దుగా అంటారు. సెల్‌ఫోను ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా పడినా అదే గుర్తు. అది రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరు కావచ్చు. ఎక్కువగా ఐదేళ్ళలోపు పిల్లలకే వస్తుంది. త్వరగా పట్టుకుంటే ప్రాణమే కాదు, చాలాసార్లు చూపు కూడా నిలుస్తుంది. ఆ మెరుపు చూసిన వారంలోనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. హనుమంతవాకలో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మనకు అందుబాటులోనే ఉంది.

తల్లులను లోపల తినేసే బాధ మరొకటి ఉంది. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయట తిరిగానమ్మా, అందుకేనా?" అని నన్ను అడిగిన తల్లులు ఎంతమందో. అత్తగారు అన్న మాట, ఆడపడుచు అన్న మాట అలా మనసులో నాటుకుపోయి ఉంటుంది. కాదమ్మా, నీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు అని నేను ఒక్కో తల్లికి పదిసార్లు చెప్పవలసి వస్తుంది, పదిసార్లూ చెబుతాను. ఇది అంటువ్యాధి కాదని కూడా చెప్పాలి. ఒకే కంచంలో తిన్నా, ఒకే బెంచీలో కూర్చున్నా రాదు. బోడితలతో వచ్చిన పిల్లలను చూసి బస్సులో ఎవరైనా, "అప్పన్నకు తలనీలాలు ఇచ్చారా?" అని అడుగుతారు. చాలామంది తల్లులు అవునని తలూపి ఊరుకుంటారు. ఆ అబద్ధంలో వాళ్ళకు కాస్త ఊరట ఉంది. దాన్ని నేను ఎన్నడూ తప్పుపట్టలేదు. బడిలో మాత్రం నిజం చెప్పాలి, ఎందుకంటే పక్క పిల్లవాడికి ఆటలమ్మ పోస్తే ఈ పిల్లవాడి ప్రాణం మీదికి వస్తుందని పంతులుగారికి తెలిసి ఉండాలి.

మీరు చేయగలిగిన సహాయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమని తోచేది ఒక కవరు. కీమో జరుగుతున్న పిల్లవాడికి 100.4 డిగ్రీల జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. తెల్లకణాలు లేని ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి చేరి యాంటీబయాటిక్ పడాలి. పాడేరు అవతలి గూడెం నుంచి అర్ధరాత్రి ఘాట్ రోడ్డు దిగి రావాలంటే జీపువాడు ముందు డబ్బు చూపించమంటాడు. ఆ డబ్బు అప్పటికప్పుడు ఎక్కడ పుడుతుంది? అందుకని మేము కొందరు దాతల సాయంతో ఒక్కో ఇంటికి ఒక థర్మామీటరు, రానూపోనూ కిరాయికి సరిపడే డబ్బు పెట్టి అంటించిన కవరు ఇస్తున్నాం. కవరు మీద థర్మామీటరు బొమ్మ గీసి, జ్వరం వస్తే తప్ప విప్పవద్దని చెబుతాం. కొన్ని ఇళ్ళలో ఆ కవరు ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. విప్పిన కవరుకు లెక్క అడగం, మళ్ళీ నింపి ఇస్తాం. చికిత్స ముగిసిన రోజున అంటించింది అంటించినట్టుగా కవరు తెచ్చి నా చేతిలో పెట్టిన తండ్రులు ఉన్నారు.

రెండోది రక్తం. ముఖ్యంగా ప్లేట్‌లెట్లు. సేకరించిన ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు కాబట్టి, పుట్టినరోజుకో వర్ధంతికో ఒకేరోజు రెండు వందల మంది రక్తం ఇస్తే ఆ వారం గడుస్తుంది, పై వారం మళ్ళీ వరండాలో తండ్రి ఎదురుచూపు మొదలవుతుంది. ఎండాకాలంలో కళాశాలల హాస్టళ్ళు ఖాళీ అయినప్పుడు ఈ కష్టం మరీ ఎక్కువ. మాకు కావలసింది పెద్ద శిబిరాలు కాదు. పిలిచిన రోజున వచ్చే మనుషుల జాబితా. యంత్రం ద్వారా ప్లేట్‌లెట్లు మాత్రమే తీసుకునే పద్ధతిలో గంట, గంటన్నర పడుతుంది. ఆరోగ్యవంతులు కొద్దిరోజుల తేడాతో మళ్ళీ ఇవ్వవచ్చు.

పళ్ళు, దుప్పట్లు తెచ్చేవారికి ఒక మనవి. మీ మంచి మనసు నాకు తెలుసు. కానీ వార్డులోకి వచ్చి పిల్లల పక్కన నిలబడి ఫొటోలు తీసుకోవద్దు. ఆ పిల్లలు రేపు పెద్దవాళ్ళవుతారు, పెళ్ళీడుకు వస్తారు. వాళ్ళ బోడితల బొమ్మ ఎవరి ఫోనులోనూ ఉండకూడదు. కోసిన పళ్ళు, పచ్చివి ఆ పిల్లలు తినకూడని రోజులుంటాయి కనుక, ఏం తేవాలో ముందు నర్సమ్మను అడగండి.

నయం కాని పిల్లలూ ఉంటారు. వారి గురించి ఒక్క మాటే చెప్పి ఊరుకుంటాను: నొప్పి లేకుండా చూడడం కూడా వైద్యమే. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక మార్ఫిన్ అనే నొప్పి మందు అందించడం సులభమైంది. అది అడగడానికి తల్లిదండ్రులు సంకోచించకూడదు, ఇవ్వడానికి వైద్యులు వెనుకాడకూడదు. ఇంటికి వెళ్ళిపోతామన్న కుటుంబానికి నొప్పి మందు, ఫోను నంబరు ఇచ్చి పంపాలి.

సభ ముగిశాక వెనుక బల్ల దగ్గర మూడు పుస్తకాలతో మా సహోద్యోగులు ఇద్దరు కూర్చుని ఉంటారు. మొదటిది ప్లేట్‌లెట్ దాతలది; పేరు, బ్లడ్ గ్రూపు, ఏ వారాల్లో ఊళ్ళో ఉంటారో రాయండి. రెండోది అగనంపూడి, కూర్మన్నపాలెం, గాజువాక ప్రాంతాల్లో ఖాళీగా ఒక గది ఉన్నవారిది. పిల్లవాడికి, తల్లికి వారం పది రోజులు చాలు, గదిలోనో ఆనుకునో మరుగుదొడ్డి, ఒక పొయ్యి ఉండాలి. మూడోది భాషలది. అరకు, సీతంపేట నుంచి వచ్చే తల్లులకు డాక్టరు తెలుగులో చెప్పే మోతాదు సగమే అర్థమవుతోంది. సవర, కువి, ఆదివాసీ ఒడియా వచ్చినవారు, ఫోనులోనైనా పది నిమిషాలు మాట్లాడగలిగినవారు అందులో పేరు రాయండి. ఇప్పటికి ఆ పుస్తకంలో నాలుగు పేర్లే ఉన్నాయి.